దుమ్ము దులిపిన వీధి

"తలుపు తియ్యండత్తయ్యా! లోపల నా వీధి ఉంది!"

రంగులక్క రెండు చేతులతో తలుపు బాదింది. గడియ కదల్లేదు.

"నీ వీధి ఎక్కడికీ పోదు. పోయింది నా పరువు. ముందు అది వెతికి పట్టుకురా," అంది లోపలినుంచి అత్తగారు.

"అమ్మా, ఇవాళ తన జీవితం తేలే రోజు. నిర్మాత వస్తున్నాడు. అలకలు సాయంత్రం పెట్టుకుందాం," అన్నాడు కొడుకు. కళ్ళజోళ్ళ షాపు తెరవడానికి వెళ్ళవలసినవాడు, ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"నువ్వు మాట్లాడకు. నీ పెళ్ళాం నా గొంతు ఎత్తుకుపోతుంటే, ఇంటినిండా కళ్ళజోళ్ళు పెట్టుకుని కూడా నీకు కనబడలేదు."

కొడుకు చేతిలో బూటు కింద పెట్టేశాడు. ఈ ఇంట్లో ఆయన వాదనలన్నీ ఇంత పొడుగే ఉంటాయి.

స్టూడియోలో అందరికీ ఆమె రంగులక్క. యానిమేషన్ సినిమాలో కథ జరిగే ఊరిని పుట్టించే పని ఆమెది. ఇళ్ళు ఎలా ఉండాలి, ఏ గోడకి పెచ్చులూడాలి, ఏ సీనుకి ఏ రంగు పట్టాలి, అన్నీ ఆమె గీసి ఇస్తే మిగతావాళ్ళు బొమ్మలు కదిలిస్తారు. ఇన్నేళ్ళూ ఊళ్ళు తను కట్టింది, వాటిలో కథలు వేరేవాళ్ళు నడిపారు. ఈసారి ఊరూ తనదే, కథా తనదే. దర్శకత్వం కూడా తనదవుతుందా అన్నది ఇంకాసేపట్లో తేలిపోతుంది. కాదంటే, పేరున్న దర్శకుడు ఒకాయన నిర్మాత చేతిలో తయారుగా ఉన్నాడు. అప్పుడు రంగులక్క మళ్ళీ బుద్ధిగా రంగులు కలుపుకోవాలి, అదీ తన కథకి.

తలుపు వెనక గదిలో, బల్ల నిండా, అట్టలతో కట్టిన వీధి ఉంది. వానలు ఆగిపోయిన ఊళ్ళో గొడుగుల షాపు నడిపే ముసలావిడ కథ అది. గొడుగు కొనే నాథుడు లేడు, అయినా ఆవిడ రోజూ షాపు తీస్తుంది. ఏ వీధినైనా చేత్తో కట్టి, పక్కన దీపం పెట్టి చూసుకుంటే గానీ నీడలు ఎటు పడతాయో రంగులక్కకి తోచదు. అదీ ఆమె పని తీరు. ఆ వీధిని స్టూడియోకి తెచ్చి చూపిస్తానని నిర్మాతకి మాటిచ్చేసింది.

"సినిమాలో మీ గొంతు తాత్కాలికంగానే కదత్తయ్యా పెట్టాను! అసలు నటి వచ్చేదాకా ఎవరిదో ఒకరి గొంతు పెట్టుకోవడం మా దగ్గర మామూలే. మా ఎడిటర్ కుక్కలా కూడా మొరిగింది."

"ఆ పిల్ల తనకి తానుగా మొరిగింది. నన్నెవరడిగారు?"

అత్తగారికి వస్తువుల్ని తిట్టే అలవాటుంది. కారే కుళాయినీ, వేడెక్కని ఇస్త్రీ పెట్టెనీ, బిగుసుకున్న కిటికీనీ మనుషుల్ని తిట్టినట్టే తిడుతుంది. ఆ తిట్లు వినీ వినీ రంగులక్క తన ముసలావిడని రాసుకుంది. రాసింది చాలక వంటింటి అలమరలో ఫోను పెట్టి రికార్డు చేసింది.

మొన్న కోడలు మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి స్టూడియోకి వెళితే, గది బయటే అత్తగారికి తన గొంతు వినబడింది. "తెరుచుకోవడానికి కూడా బతిమాలించుకుంటావేమే! అసలు పుట్టిందే అందుకు కదా నువ్వు!" వంటింటి కిటికీని తిట్టిన తిట్టు అది. తెరమీద ముసలావిడ గొడుగుని తిడుతోంది. గదిలో అందరూ పడీపడీ నవ్వుతున్నారు. అత్తగారు కళ్ళజోడు ఇవ్వకుండానే వెనక్కి తిరిగింది. అప్పట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, కిటికీతో కూడా. ఇవాళ పొద్దున ఆ వీధి ఉన్న గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"మిమ్మల్ని చూసి కాదత్తయ్యా వాళ్ళు నవ్వింది."

"నా తిట్టుకి, నేను లేనప్పుడు నవ్వితే అదేమంటారమ్మా మీ స్టూడియోలో?"

"ఆ ముసలావిడంటే అందరికీ ప్రాణం. ఆవిడ నోరు విప్పితే చాలని ఎదురుచూస్తారు."

లోపల ఏదో జరిపిన చప్పుడు. తర్వాత సన్నగా గీకుతున్న చప్పుడు.

"ఏం చేస్తున్నారు లోపల?"

"ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు."

రంగులక్క తలుపుకి వీపు ఆనించి నేలమీద కూలబడింది. కింద, వీధిని తీసుకెళ్ళాల్సిన వ్యాను వచ్చి ఆగింది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. లోపల వీధి ఏమైపోతుందో తెలియదు. ఇంతలోకీ ఆమెని ఇంకో సంగతి తినేస్తోంది. అది చెప్పకుండా స్టూడియోకి వెళ్ళి అత్తగారి గొంతున్న రీలు వేసి చూపించడం తన వల్ల కాదని ఆ నిమిషంలో తెలిసిపోయింది.

"అత్తయ్యా, ఇంకోటి కూడా ఉంది. మీరు వినలేదు."

"ఇంకా ఏం ఎత్తుకెళ్ళావు?"

"మావయ్య టేబుల్ ఫ్యాను."

గీకుతున్న చప్పుడు ఆగింది.

వంటింట్లో అత్తగారికి ఉక్కపోస్తుందని మావయ్య కొని పెట్టిన ఫ్యాను అది. ఆయన పోయాక కూడా చాన్నాళ్ళు తిరిగింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆగిపోయింది. అత్తగారు దాని ముందు నిలబడి ఒక మాట అంది. అలమరలో ఫోను అదీ వినేసింది.

"'నువ్వూ ఆగిపోయావా? ఒక్క మాట చెప్పి ఆగితే ఏం పోయింది?' అన్నారు మీరు. విన్నాక తుడిచెయ్యాల్సింది. తుడవలేకపోయాను. నా ముసలావిడ వాన లేని ఆకాశం వైపు చూసి అనేది ఆ మాటే అనిపించింది. అక్కడ పెట్టేశాను. తప్పు చేశాను."

కొడుకు కూడా గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ ఫ్యానుని ఆయనే తీసుకెళ్ళి బాగుచేయించుకొచ్చాడు. అది ఆగిన రోజు అమ్మ ఏమందో ఆయనకి ఇప్పుడే తెలిసింది.

కింద హారన్ మళ్ళీ మోగింది.

"ఆ మాటకి కూడా నవ్వారా?" అని వినబడింది చివరికి.

"లేదత్తయ్యా. ఎవరూ కదల్లేదు. మా ఎడిటర్ లేచి బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు."

"కుక్కలా మొరిగిన పిల్లేనా?"

"ఆ పిల్లే."

రంగులక్క తలుపు వైపు తిరిగింది.

"మీరు వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి అన్నీ తీయించేస్తాను. ఆ మాటలు నేనే చదివేస్తాను."

"నువ్వా? నీకు తిట్టడం ఎక్కడ వచ్చు? ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది, కుళాయిని కూడా ఒక మాట అనలేవు."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. భుజం మీద గుడ్డ, చేతిలో రంగుల బ్రష్షు, ముఖాన చెమటతో అత్తగారు నిలబడి ఉంది. కోపం పూర్తిగా పోలేదు గానీ దాని పక్కనే కాస్త గర్వం కూడా ఉంది.

"ఎంత దుమ్ము పట్టించావే నీ వీధికి! మూలమూలా దులిపేసరికి నా చేతులు పడిపోయాయి. పదిమందీ చూసే వస్తువు అలాగేనా ఉంచుకోవడం?"

రంగులక్క లోపలికి ఒక్క ఉరుకు ఉరికింది.

వీధి తళతళలాడుతోంది. మూతపడ్డ షాపులు, పెచ్చులూడిన గోడలు, గొడుగుల షాపు ముందు మెట్లు, అన్నీ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. సుద్దపొడీ ఇటుకపొడీ జల్లించి, కాగితం గొట్టంతో ఊది, రోజుల తరబడి ఆమె పోసిన దుమ్ములో ఒక్క రవ్వ లేదు. వానలు లేని ఊరు ఆ దుమ్ములోనే ఉండేది.

"అత్తయ్యా... అది దుమ్ము కాదు."

"దుమ్ము కాకపోతే ఏమిటి?"

"దుమ్మే. నేను పోసిన దుమ్ము."

అత్తగారు కోడలి వైపు, వీధి వైపు, చేతిలో బ్రష్షు వైపు చూసింది. "దుమ్ము కూడా కావాలని పోసుకుంటారా ఎవరైనా!"

కొడుక్కి నవ్వు ఆగలేదు. తల్లీ పెళ్ళామూ ఒకేసారి తలతిప్పి చూసేసరికి ఆగింది.

"ఇప్పుడు దుమ్ము కావాలి," అంది రంగులక్క. ఏడుపు గొంతు దాకా వచ్చి, అక్కడ ఏమైందో ఏమో, హుషారుగా మారిపోయింది. "బోలెడు దుమ్ము. మెత్తటి దుమ్ము. ఇప్పుడే!"

"మన ఇంట్లో దుమ్మెక్కడిది?" అంది అత్తగారు, అంత గొడవలోనూ తల ఎగరేసి. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "పక్కింటికి పరిగెత్తరా. వాళ్ళ మెట్ల కింద కావలసినంత ఉంటుంది. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

ఒక కాలి బూటుతోనే పరిగెత్తాడాయన. డబ్బా నిండా తెచ్చాడు. రంగులక్క టీ వడపోసే జల్లెడ పట్టింది. అత్తగారు పౌడరు డబ్బా తెచ్చి కలిపింది, రంగు తేలిపోతే కాస్త కాఫీ పొడి కూడా కలిపింది. ముగ్గురూ బల్ల చుట్టూ వంగారు.

"ఎక్కడెంత పొయ్యాలో చెప్పు. మళ్ళీ నన్ననకు."

"మూతపడ్డ షాపుల ముందు దట్టంగా. మన గొడుగుల షాపు గుమ్మంలో వద్దు, ఆవిడ రోజూ ఊడుస్తుంది."

"మరి ఊడవదూ!" అంది అత్తగారు. కాసేపు చల్లి, తల ఎత్తకుండానే అడిగింది. "ఇందాకట్నుంచి చూస్తున్నాను. నీలం రంగు ఎక్కడా లేదేం? తలుపులకి లేదు, బట్టలకి లేదు. ఆకాశం కూడా బూడిదరంగేనా?"

"వాన వచ్చేదాకా నీలం దాచాను."

"సినిమా అంతానా?"

"అంతా. చివర్లో ఒక్కసారి."

అత్తగారు చెయ్యి ఆపి కోడలి ముఖంలోకి పరీక్షగా చూసింది. "గట్టిదానివే," అంది.

వీధిని ఇద్దరు మనుషులు వ్యానులోకి ఎక్కించారు. రంగులక్క బల్ల అంచు పట్టుకుని వెనక కూర్చుంది. చూస్తే, అత్తగారు బట్టలు మార్చుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది.

"మీరెక్కడికి?"

"నా గొంతు ఒక్కతే ఊరంతా తిరుగుతోంది. ఇవాళ నేనూ తోడు వస్తాను. పోనీ బాబూ బండి, దుమ్ము రేగకుండా."

* * *

స్టూడియోలో బొమ్మలు చూసే గది చిన్నది. ఒక తెర, నాలుగు కుర్చీలు, మూలగా ఎడిటర్ బల్ల. అత్తగారిని చూడగానే ఎడిటర్ లేచి నిలబడి, ఏమనాలో తెలియక మళ్ళీ కూర్చుంది.

నిర్మాత చెప్పిన సమయానికంటే ముందే వచ్చేశాడు. వీధి మీదికి వంగి, మూతపడ్డ షాపులన్నీ చూసి, గట్టిగా తుమ్మాడు.

"అబ్బ! నిజం దుమ్మే!" అన్నాడు ఆనందంగా. "ఎక్కణ్ణుంచి తెచ్చారమ్మా?"

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. రంగులక్క దీపం వెలిగించింది. వీధిలో నీడలు చాచుకుని పడుకున్నాయి. నిర్మాత మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఒక కన్ను మూసి, వీధి చివరి నుంచి చూశాడు.

ఆ తర్వాత రీలు. ఇంకా కదలని బొమ్మలే అన్నీ. గీసినవి గీసినట్టు ఒకదాని వెంట ఒకటి తెరమీద పడుతుంటాయి, వెనక మాటలు వినిపిస్తుంటాయి. దీన్ని చూసే ఆ సినిమా తియ్యాలో వద్దో, ఎవరు తియ్యాలో తేలుస్తారు.

గొడుగుని తిట్టే చోటికి రాగానే నిర్మాత పకపకా నవ్వాడు. అత్తగారు బిగుసుకుపోయింది. రెండోసారి నవ్వాడు. మూడోసారి నవ్వినప్పుడు అత్తగారి మూతి కూడా ఒక పక్కకి కదిలింది. తన గొంతు తిడుతుంటే బొమ్మ తర్వాత బొమ్మలో ముసలావిడ గొడుగు మడత మెల్లిగా సవరిస్తోంది. కుళాయి చుట్టూ గుడ్డ కట్టేటప్పుడు తన చేతులు అలాగే కదులుతాయని అత్తగారికి తెలుసో లేదో గానీ, కోడలు చూసి పట్టుకుంది.

వాన లేని ఆకాశం వచ్చింది.

"నువ్వూ ఆగిపోయావా? ఒక్క మాట చెప్పి ఆగితే ఏం పోయింది?"

అత్తగారు తలవంచుకుంది. రంగులక్క చీకట్లో తడుముకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

లైట్లు వెలిగాయి. నిర్మాత కళ్ళు తుడుచుకోవడం దాచుకోలేదు.

"ఎవరిదీ గొంతు?"

"నాదే," అంది అత్తగారు.

ఆయన గభాలున కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "అమ్మా, ఇంకే నటీ వద్దు నాకు. మీరు ఊఁ అనండి, సినిమా మొదలుపెట్టేస్తాను. డైరెక్షన్ ఈవిడదే. ఇక్కడే చెప్పేస్తున్నాను."

రంగులక్క గుండె ఎగిరి గంతేసింది. డైరెక్షన్ ఈవిడదే! ఈ మాట వినడానికి ఎన్ని ఊళ్ళు కట్టింది తను! ఎడిటర్ అప్పుడే చప్పట్లు కొట్టేస్తోంది.

"నేను ఊఁ అనకపోతే?" అంది అత్తగారు.

చప్పట్లు ఆగిపోయాయి.

"అదేంటమ్మా, అలా అంటారు..."

"అడుగుతున్నాను బాబూ. అనకపోతే?"

నిర్మాత ఇబ్బందిగా నవ్వాడు. "అప్పుడు ఆలోచించాలండి. పేరున్న ఆయన్ని పిలవాల్సి వస్తుంది. కథకి ప్రాణం మీ గొంతే కదా మరి."

"అయితే నేను అనను."

రంగులక్క ఆవిడ చెయ్యి వదిలేసింది. ముఖం జేవురించింది. "అత్తయ్యా! కోపముంటే ఇంటికెళ్ళాక తిట్టండి, నిలబెట్టి తిట్టండి, పడతాను. ఇక్కడ, ఇవాళ, ఇలాగా తీర్చుకోవడం?"

నిర్మాత ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఫోను వెలగలేదని అందరికీ కనబడుతూనే ఉంది.

"కోపమే," అంది అత్తగారు మెల్లిగా. "గొంతు తీసుకున్నందుకు కాదు, అది పొద్దునే అయిపోయింది. నా గొంతు లేకపోతే నువ్వు లేవని ఆయన అంటుంటే ఎగిరి గంతేస్తున్నావు చూడు, అందుకు."

"ఎలా ఇస్తే ఏంటి? ఇస్తున్నారు కదా!"

"రేపు సినిమా ఆడుతుంది. అత్తగారి నోటి పుణ్యమంటారు జనం. అననీ, వాళ్ళకేం పని. కానీ ఏదో ఒకరోజు నువ్వూ అనుకుంటావు. అప్పుడు నా ముఖం చూడబుద్ధి కాదు నీకు."

ఆ గొంతు పెట్టిన రోజు నుంచి, ఆ రీలుని మాట లేకుండా రంగులక్క ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఎడిటర్ రెండుసార్లు చూద్దామంది. తనే ఏదో పని ఉందని తప్పించుకుంది. చూసుకోవడానికి భయం. ఆ భయం అత్తగారికి ఎలా తెలిసిపోయిందో!

అత్తగారు నిర్మాత వైపు తిరిగింది. "నా గొంతు ఆపేసి మళ్ళీ వెయ్యమనండి బాబూ. మొత్తం చూడండి. ఆ బొమ్మలు నిలబడితే సినిమా మా అమ్మాయికివ్వండి. ఆ తర్వాత నన్ను పిలవండి, పరిగెత్తుకొస్తాను."

"నిలబడకపోతే?" అన్నాడాయన.

అత్తగారు కోడలి వైపు చూసింది.

నిర్మాత తల అడ్డంగా ఊపాడు. "మాట తీసేస్తే ఏ రీలూ నిలబడదమ్మా. నిలబడినదాన్ని నేను చూడలేదు." రంగులక్క దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "ఎందుకొచ్చిన గొడవ? ఇంటికి తీసుకెళ్ళి నచ్చజెప్పండి. పెద్దావిడ, రెండ్రోజుల్లో దిగొస్తుంది. నా మాట మీద నేనుంటాను. ఇప్పుడు వేసి చూశాక మాత్రం, చూసిందే లెక్క. నిలబడకపోతే సినిమా ఆ పేరున్నాయనదే."

నిజమే. ఇంటికెళితే చాలు. బతిమాలితే అత్తగారు కరగకపోరు. ఈ గదిలోంచి ఇప్పుడు బయటికి నడిస్తే, తను డైరెక్టరు.

ఎడిటర్ వేలు సౌండ్ మీట మీద ఆగి ఉంది. నిర్మాత వైపు చూసింది. ఆయన రంగులక్క వైపు చూశాడు. అత్తగారి వైపు చూసింది. ఆవిడా అటే చూస్తోంది.

"అక్కా?" అంది ఎడిటర్.

గదిలో అందరూ తన నోటి మాట కోసం ఆగి ఉన్నారని రంగులక్కకి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళ పనిలో ఇలా ఎవరూ ఆగలేదు. భయంగా ఉంది. అయినా ఒళ్ళంతా పులకరింతగా ఉంది, ఆ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకే తెలియలేదు. లేచి నిలబడింది.

"లైట్లు ఆర్పు," అంది. "సౌండ్ తీసెయ్."

చీకటి పడింది. తెరమీద వీధి వచ్చింది. మూతపడ్డ షాపులు, ఎండ, తలుపు తీస్తున్న ముసలావిడ. మాట లేదు. పక్కన అత్తగారు పెదాలు బిగబట్టుకుని చూస్తోంది.

ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి.

నిర్మాత కుర్చీ కిర్రుమంది. ముందుకు జరిగాడో, లేచి వెళ్ళబోతున్నాడో, తెర మీంచి చూపు తిప్పని రంగులక్కకి తెలియలేదు. ఇన్నాళ్ళూ చూసుకోవడానికి భయపడ్డ బొమ్మల్ని ఇప్పుడు ఒక్కటీ వదలకుండా చూస్తోంది.